ముందు బండి కదిలేదాకా

నేను తయారుచేసిన మొదటి ఫోను ఆటని మా కొట్టు యజమాని కొడుకు కుర్చీలో వెనక్కి వాలి, సమోసా తింటూ ఆడాడు. నూనె వేలితో నా ఫోను మీద కాసేపు నొక్కి పక్కన పెట్టేశాడు.

"ఏది నొక్కినా మీకు నచ్చిందే జరుగుద్ది కదండీ. మరి నన్నడగడం ఎందుకు?" అన్నాడు.

ఆ మాట నేను మరిచిపోలేదు. నూనె మరకని కూడా.

యానాంలో రొయ్యల మేత అమ్మే కొట్లో బిల్లులు కొట్టడం నా ఉద్యోగం. ఫరంపేటలో అన్నయ్య, వదినలతో ఉంటాను. సాయంత్రం ఇంటికొచ్చాక ఆటలు తయారుచేస్తాను. ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ మొదటి ఆటలో బొమ్మలు లేవు, అంతా రాతే. ఇల్లు వదిలి బయల్దేరిన ఒక అమ్మాయి ప్రతి మలుపులోనూ ఏం చెయ్యాలో ఆడేవాళ్ళు ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా ఆమె చివరికి నేను అనుకున్న ఊరికి, నేను అనుకున్న బస్సులోనే వెళ్ళేది. కాబట్టి అతను అన్నది నిజమే. కానీ నిజాన్ని సమోసా నములుతూ చెప్పాలా? ఈ ఫిర్యాదు నాకు ఇప్పటికీ ఉంది.

బొమ్మలు గీయడం నేర్చుకుని రెండో ఆట చేశాను. గోదావరిలో పడవ, వల, చేపలు. పడవ కదిలే ముందు ఒక ముందుమాట పెట్టాను. రేవులో తెల్లవారడం గురించి, తడి వలల వాసన గురించి, వేలం పాడే ఆడవాళ్ళ గొంతుల గురించి. అంత మంచి వాక్యాలు నేను అంతకుముందు రాయలేదు. ఆటలు తయారుచేసేవాళ్ళ ఇంటర్నెట్ గుంపులో దాన్ని పెడితే, హైదరాబాదు నుంచి ఒకాయన, "చదవడం అయిపోయాక నన్ను లేపండి" అని రాశాడు. దాని కింద నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళ పేర్లు నన్నడిగితే వరసగా చెప్తాను.

గుంపు సంగతి అలా ఉంచండి. ఇంట్లో మా అన్నయ్య నా పనికి 'ఫోన్లో ముగ్గులు' అని పేరు పెట్టాడు. అతను యానాం స్టాండులో షేర్ ఆటో నడుపుతాడు. చుట్టాలొస్తే చాలు, మా చెల్లాయి ఫోన్లో ముగ్గులేస్తదండీ అని చెప్పి నవ్వించేవాడు. అప్పుడు పంతం పట్టాను. ఎవరు ఆడినా ఆడకపోయినా, మా అన్నయ్య నా ఆటని చివరిదాకా ఆడాలి.

అందుకే మూడో ఆట ఆటోల మీద చేశాను. ముందుమాట తీసేశాను, ఒక్క వాక్యం కూడా రాయలేదు. రోడ్డు మీద మనుషులు చెయ్యెత్తుతారు. గడువులోగా మిగతా ఆటోలని దాటుకుని ఎక్కువ మందిని ఎక్కించుకున్నవాళ్ళు గెలుస్తారు. ఈసారి గుంపులో మెచ్చుకున్నారు. వేగం బాగుందన్నారు. నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళు కూడా.

ధైర్యం వచ్చి స్టాండుకి తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టాను. చుట్టూ తోటి డ్రైవర్లు మూగారు. తెర మీద ఒకావిడ చెయ్యెత్తింది. అన్నయ్య తన ఆటోని ముందున్న ఆటో వెనకాల ఆపి ఊరుకున్నాడు. ఆమె అలా చెయ్యెత్తుకునే ఉంది. గడువు అయిపోయింది. ఓడిపోయాడు. పక్కతను ఫోను తీసుకున్నాడు. అతనూ అంతే, వెళ్ళి వెనకాల ఆపాడు.

"దాటెళ్ళాలి అన్నయ్యా. ఆమెని ఎక్కించుకో," అన్నాను.

"ముందు బండోడి బేరం అది. నేనెలా ఎక్కించుకుంటానే?"

"ఇది ఆట."

"ఆటైతే మాత్రం? రేపు ఆడి మొకం సూడాలా వద్దా?" అని ఫోను నా చేతిలో పెట్టేశాడు. "ఇది దొంగాట. మమ్మల్నందర్నీ దొంగల్ని సేసేసింది మా సెల్లి," అన్నాడు మిగతావాళ్ళతో. అందరూ నవ్వారు.

మా స్టాండులో బళ్ళు వరసలో ఉంటాయి. ముందు బండి నిండి కదిలేదాకా రెండో బండి మనిషిని ఎక్కించుకోదు. రోగినో, నొప్పులు పడుతున్న మనిషినో తీసుకొస్తే మాత్రం ఎవరైనా బయల్దేరొచ్చు. తిరిగొచ్చాక వాళ్ళ చోటు వాళ్ళకే ఉంటుంది. ఇది ఎక్కడా రాసి లేదు. రోజూ ఆ స్టాండులోనే ఆటో ఎక్కే నాకు ఇది తెలుసు. తెలిసీ, బయటివాళ్ళ ఆటల్లో చూసిన పరుగునే తెచ్చి మా రోడ్డు మీద పెట్టాను.

అన్నయ్యతో మాటలు మానేశాను. వదిన ఎంత చెప్పినా వినలేదు. మానేసిన ఆ రోజుల్లోనే ఆటని మొత్తం విప్పేశాను. గుంపులో అందరూ మెచ్చిన గడువుని పీకేశాను. దాటెళ్ళే మీటని కూడా. ఇప్పుడు ఆటో వరసలో ఉంటుంది, నిండాలి, కదలాలి. చోటు ఎవరికి ఇవ్వాలి, రోగితో ఎవరు వెళ్ళాలి, అడవిపొలం ఊరికి వెళ్ళే ముసలాయన ఒక్కడి కోసం ఇంకాసేపు ఆగాలా అన్నదే ఆట. ఒకరికి చోటిస్తే ఇంకొకరు మొహం ముడుచుకుంటారు. వాళ్ళతో తర్వాత మళ్ళీ పని పడుతుంది. ఈసారి ఏది ఎంచుకుంటే దానికి తగ్గదే జరుగుతుంది, నాకు నచ్చినా నచ్చకపోయినా.

ఆగి ఉన్న బండిలో మనుషులు ఊరికే కూర్చోరు కదా. వాళ్ళకి మాటలు కావలసొచ్చాయి. రాయడం మొదలుపెట్టాను. కోడలి మీద చాడీలు, చెరువులో రొయ్యకి పట్టిన తెగులు, మాటామాటా పెరిగి దిగిపోయే మొగుడూ పెళ్ళాలు. ముందుమాటలో నిద్ర తెప్పించిన నా రాత బండి నిండేదాకా ఆగాల్సినప్పుడు చదివించింది. గుంపులో ఆ హైదరాబాదు ఆయన, ఆటలో వేగం తగ్గిపోయిందని రాశాడు. తగ్గించింది నేనే అని జవాబిచ్చాను.

మార్చిన ఆటతో ఫోనుని స్టాండులో ఒక డ్రైవరుకి ఇచ్చి వచ్చాను, అన్నయ్యకి ఇవ్వలేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి అది అన్నయ్య చేతిలో ఉంది. నేను పలకరించకుండా వెళ్ళి అతని ఆటోలో వెనక సీట్లో కూర్చున్నాను. మరుసటి రోజూ అంతే. ఫోను అడగలేదు, అతనూ ఇవ్వలేదు.

ఆ మూడో సాయంత్రం బండి నిండింది. వరసలో ముందున్నది మాదే. అన్నయ్య తల వంచుకుని తెర చూస్తున్నాడు. వెనక బండివాడు హారన్ కొట్టాడు. నా పక్కన కూరగాయల సంచీతో కూర్చున్నావిడ ముందుకి వంగింది.

"ఏవయ్యా, నిండింది కదా. కదుల్తదా ఈ బండి?"

"ఉండండమ్మా. ఆఖరి మనిషిని దింపేత్తన్నాను," అన్నాడు తల ఎత్తకుండా.

ఆవిడ విసుక్కుంది. వెనక హారన్ మళ్ళీ మోగింది. నేను రోడ్డు వైపు తిరిగి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎంతసేపైనా ఆగుదామని తీరిగ్గా సర్దుకుని కూర్చున్నాను.