మామూలే భాయ్

పొద్దున ఏడున్నరకు నా ఫోను మోగిందంటే అది గూడూరు భాయే అని మా ఇంట్లో అందరికీ తెలుసు. కుక్కర్ మీద ఒక కన్నేసి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడేదాన్ని.

"ఏమ్మా, కొత్త రూల్సేమైనా వచ్చినాయా?"

"ఏం లేవు భాయ్. మామూలే."

"సరే తల్లీ. నువ్వు చెప్పినావంటే నాకు నిబ్బరం."

నేను రేవు దగ్గర కస్టమ్స్ ఏజెంటుని. సరుకు బయటి దేశాలకు పంపేవాళ్ళ తరఫున కాగితాలు తయారుచేసి, కంప్యూటర్లో దాఖలు చేసి, సరుకు ఓడెక్కేదాకా చూసుకోవడం నా పని. ఈ రూల్సు ఎప్పుడు మారతాయో వాటిని రాసేవాళ్ళకైనా తెలుసో లేదో. పొద్దున ఉన్నది సాయంత్రానికి ఉండదు. మారినప్పుడల్లా కొరుకుడుపడని ఇంగ్లీషులో ఒక నోటిఫికేషన్ వస్తుంది. దాన్ని చదివి మావాళ్ళకు తెలుగులో చెప్పడమే నా బతుకుతెరువు. మొదట్లో అక్షరం అక్షరం చదివేదాన్ని. పదిహేనేళ్ళు గడిచేసరికి నాకు తెలియనిదేముందిలే అన్న పొగరు తలకెక్కింది. వాట్సాప్ గ్రూపులో పడిన నోటిఫికేషన్లు తెరవకుండా పడినట్టే ఉండేవి. ఎవరు ఏమడిగినా నా నోటికి అలవాటైంది ఒక్కటే మాట, మామూలే.

భాయ్ బియ్యం వ్యాపారి, నాకంటే పదేళ్ళు పెద్ద. కొడవలూరు మిల్లుల్లో కొని చెన్నై వాళ్ళకు అమ్మేవారు. వాళ్ళు అవే బియ్యం తమ పేరుతో విదేశాలకు పంపుకునేవాళ్ళు. "బియ్యం మనవి, పేరు వాళ్ళది" అని నవ్వేవారు. ఆ ఏడు మాత్రం తెగించారు. మలేషియాలో దుకాణం నడుపుతున్న చిన్ననాటి స్నేహితుడికి సొంత పేరుతో ఒక కంటైనర్ పంపుతానని మాట ఇచ్చారు. సంచుల మీద పడవ బొమ్మ అచ్చు వేయించాలనుకుని, ముందు ఆ బొమ్మ నాకు పంపి, "తెరచాప ఎర్రగా ఉంటే బాగుంటాదా, పచ్చగానా?" అని అడిగారు. ఎరుపు అన్నాను. ఎరుపే వేయించారు.

కంటైనర్ రేవుకి చేరిన రోజు పొద్దున ఆయన గొంతులో కొంచెం బెరుకు.

"అమ్మా, తెల్ల బియ్యం బయటికి పోకుండా ఆపేస్తారని పేపర్లో రాస్తా ఉండారే?"

"పేపరోళ్ళకేం పని భాయ్! అన్నీ పుకార్లు. మామూలే."

"కాయితాలు ఈ పొద్దే వేసేస్తావు కదా?"

"మధ్యాహ్నానికల్లా వేసేస్తాగా."

వేయలేదు. ఎందుకు వేయలేదో రాయాలంటే చెయ్యి రావడం లేదు. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ దగ్గరికొచ్చింది. నా జాకెట్టుకి లైనింగ్ గుడ్డ రంగు కలవలేదు. దానికోసం నెల్లూరు బజారుకి వెళ్ళి నాలుగు దుకాణాలు తిరిగాను. రంగు కలిసేసరికి సాయంత్రమైంది. రేపు పొద్దున వేస్తే కొంపలేం మునగవులే అనుకుని ఇంటికొచ్చాను.

మునిగింది. తెల్ల బియ్యం ఎగుమతి ఆపేస్తూ ఆ సాయంత్రమే నోటిఫికేషన్ వచ్చింది. అప్పటికే కాగితాలు దాఖలై, కస్టమ్స్ వాళ్ళ చేతికి అప్పగించిన సరుకుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే నేను మధ్యాహ్నం చేయాల్సిన పని మధ్యాహ్నమే చేసి ఉంటే భాయ్ బియ్యం ఓడెక్కేవి. మర్నాడు పొద్దున ఆ నోటిఫికేషన్ రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. అంత శ్రద్ధగా నేను చదివి ఎన్నేళ్ళయిందో.

ఏడున్నరకు ఫోను మోగింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా నోటికి ముందొచ్చింది సర్వర్.

"నిన్న మధ్యాహ్నం నుంచీ సర్వర్ పనిచేయలేదు భాయ్. ఎన్ని తిప్పలు పడ్డా కాగితాలు ఎక్కలేదు."

"నువ్వేం చేస్తావులేమ్మా, పాపం. ఏమన్నా తిన్నావా లేదా?"

కంటైనర్ వెనక్కి పోయింది. ఎర్ర తెరచాప సంచులు గూడూరు అంగళ్ళలో తేలాయి. మలేషియా స్నేహితుడు "మాట నిలబెట్టుకోలేనోడివి ఎందుకిచ్చినావు?" అని ఫోను పెట్టేశాడట. భాయ్ నాకు ఆ సంచి ఒకటి పంపించారు. "మనం పంపదల్చుకున్న బియ్యం ఎట్టుంటాయో నువ్వన్నా తిని చూడమ్మా" అన్నారు. మా ఆయన రెండోసారి వడ్డించుకుంటూ "అన్నం భలే ఉందే, ఎక్కడివీ బియ్యం?" అన్నాడు. నాకు మాత్రం ఛీ, అన్నం తింటున్నానా గడ్డి తింటున్నానా అనిపించింది. అయినా నిజం చెప్పలేదు.

కొన్ని నెలలకు కస్టమ్స్ అధికారులు ఎగుమతిదారులను పిలిచి సమావేశం పెట్టారు. భాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఇబ్బందులేమైనా ఉంటే చెప్పండి అనగానే లేచి నిలబడ్డారు.

"సార్, బియ్యం ఆపేసిన రోజు మీ సర్వర్ పనిచేయలా. మా ఏజెంటు ఎంతో తిప్పలు పడింది. మా తప్పు లేకుండానే మా సరుకు వెనక్కొచ్చింది. నా మాట పోయింది సార్."

అధికారి ముందున్న ల్యాప్‌టాప్‌లో వెతికి చూసి తలెత్తాడు. "ఆ రోజు సర్వర్ ఒక్క నిమిషం కూడా ఆగలేదండీ. సాయంత్రం దాకా అందరూ దాఖలు చేస్తూనే ఉన్నారు. తెలియకుండా నిందలు వేయకూడదు. ఎవరు మీ ఏజెంటు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. భాయ్ నా వైపు తిరిగారు. నువ్వు చెప్పమ్మా అన్నట్టు చూశారు. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాను.

ఆయన అధికారి వైపు తిరిగి చేతులు జోడించారు. "నేనే పొరపాటు పడుంటా సార్. వయసైపోతా ఉంది. మన్నించండి."

అంతమందిలో ఆయన అబద్ధాలకోరు అనిపించుకునేలా చేశాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

బయట టీ బంకు దగ్గర ఆయనే నన్ను ఓదార్చారు. "వాళ్ళ సర్వర్ ఆగిందని వాళ్ళెట్టా ఒప్పుకుంటారమ్మా? నీ పేరు చెప్తే రేపు నీ లైసెన్సు మీద పడతారు. అందుకే నోరు మూసుకున్నా. నువ్వేం మనసులో పెట్టుకోబాక."

"భాయ్..." అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. "టీలో చక్కెర తక్కువైంది" అన్నాను.

మర్నాడు ఏడున్నరకు ఫోను మోగింది.

"ఏమ్మా, కొత్త రూల్సేమైనా వచ్చినాయా?"

స్టవ్ ఆపేసి, కళ్ళద్దాలు పెట్టుకున్నాను. "ఉండండి భాయ్. చదివి చెప్తాను."

ఆయన నవ్వారు. "అంత కష్టమెందుకు తల్లీ? నువ్వు మామూలే అను. నాకదే చాలు."