అన్న జీపు, మా ఆయన పంపు

మొన్న ఆదివారం గుడికి పోదామని మా అల్లుడు కారు వాకిట్లోకి తెచ్చాడు. తాళం సగం తిప్పగానే వెనక సీటు కింద నుంచి సన్నగా జుయ్‌మని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది. చాలామందికి అది వినపడను కూడా వినపడదు. ముందు సీట్లో కూర్చున్న మా ఆయన మాత్రం చెయ్యెత్తి, "ఆగు" అన్నాడు. తల కాస్త వంచి ఆలకించి, "అవ్, పంపు మంచిగున్నది. పోనియ్" అని అనుమతిచ్చాడు. అల్లుడు అద్దంలోంచి నావైపు అయోమయంగా చూశాడు. మామకు ఆ చెవులు ఎక్కడి నుంచి వచ్చాయో అతనికెట్లా తెలుస్తుంది? అవి మా అన్న జీపు ఇచ్చినవి.

మా అన్నది బూర్గంపాడు. పాత పెట్రోలు జీపొకటి కిరాయికి తిప్పేవాడు. మిరప కోతలప్పుడు అడవి గూడేల నుంచి కూలీలను చేలకు తెచ్చేవాడు, ఆదివారం పొద్దున అదే జీపులో చర్చిలో ఆరాధనకు తెచ్చేవాడు. మిరప ఘాటు, ఎండిన ఇప్పపువ్వు వాసన, పెట్రోలు, చెమట అన్నీ కలిసి ఆ సీట్లలో ఎంతగా ఇంకిపోయాయంటే, అందులో ఎక్కి తుమ్మకుండా దిగినవాణ్ని నేను చూడలేదు. అన్నకు మాత్రం అది పూలరథం. శనివారం సాయంత్రం ముందు జీపుకు స్నానం, తర్వాతే తనకు. ఎక్కడ తుప్పు మచ్చ కనబడినా ప్రాణం విలవిల్లాడేది. గుడి కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా ఒకటి సీటు కింద ఎప్పుడూ ఉండేది. వదిన అనేది: "రెండు నిమిషాలు కదలకుండ కూసుంటే నాకు గూడ రంగేస్తడు మీ అన్న."

మా ఆయన తీరు వేరు. మణుగూరు వైపు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. కారణం లేకుండా ఏదీ చెడిపోదు అన్నది ఆయన సిద్ధాంతం. మా క్వార్టర్లో ఫ్యాన్ ఆగిపోతే, అది ఆగేముందు నేనెక్కడున్నాను, స్విచ్చు ఏ చేత్తో వేశాను అని వాంగ్మూలం తీసుకున్నాకే స్టూలెక్కేవాడు. ఇట్లాంటి మనిషికి, ఏం జరిగినా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసే మా అన్నకు ఎట్లా పొత్తు కుదిరిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్లు. ఒకరి మీద ఒకరు నాకే చాడీలు చెప్పేవాళ్లు. వారం రోజులు కలవకపోతే ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

ఒక ఎండాకాలం ఆ జీపు ఇంజను పూర్తిగా చేతులెత్తేసింది. భద్రాచలంలో తెలిసిన మెకానిక్, ఎక్కడో దెబ్బతిన్న వ్యాను నుంచి తీసిన ఇంజను తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. పాత ఇంజనుకు పెట్రోలు పంపు దాని ఒంటికే ఉండేది, తన పెట్రోలు తనే గుంజుకునేది. ఈ కొత్తది అట్లా కాదు, ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టి జోరుగా నెడితే తప్ప తాగదు. "మీ బావ ఉన్నడు గదా" అని మెకానిక్ ఆ వైరింగ్ పని మా ఆయనకు వదిలాడు. ఆయన సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని బూర్గంపాడు వచ్చి, రేకుల షెడ్డు కింద జీపు కిందికి దూరాడు. బ్యాటరీ నుంచి లావు వైరు లాగాడు, దారిలో ఫ్యూజు పెట్టాడు, రిలే పెట్టాడు. చివరికి పంపు ఎర్తు వైరును జీపు చాసిస్‌కు బిగించేముందు, అక్కడి రంగును ఇనుము అద్దంలా మెరిసేదాకా గీకాడు. నేనూ వదినా చాయ్ తెస్తే మాకూ పాఠం చెప్పాడు: "కరెంటు పోవుడే గాదు, మళ్ల తిరిగి రావాలె. అది తిరిగొచ్చే తొవ్వ ఈ జీపు ఇనుమే. మధ్యల ఏదన్నా అడ్డమొస్తే పంపు తిరగదు." వదిన ఎంతో శ్రద్ధగా తలూపి, చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగింది.

జీపు వారం రోజులు గుర్రంలా పరుగెత్తింది. తర్వాత అలగడం మొదలుపెట్టింది. నాలుగు మైళ్లు పోయి ఆగేది, కాసేపుండి తనంతట తానే లేచేది. అన్న ఫోన్ చేసేవాడు, మా ఆయన డ్యూటీ దిగి స్నానం కూడా చేయకుండా మసి మొహంతో ప్రశ్నలడిగేవాడు. సెలవు దొరికితే వెళ్లి ఫ్యూజు మార్చాడు, రిలే మార్చాడు, ట్యాంకు దించి కడిగాడు. ఆయన చూస్తున్నప్పుడు అది బుద్ధిగా నడిచేది. "ప్రార్థన చేసిన బావా, స్టార్టయింది" అని మా అన్న సంతోషంగా చెబితే ఈయనకు ఒళ్లు మండేది. "దానికి కరెంటు గావాలె బావా, ప్రార్థన గాదు!" ఊళ్లో మాత్రం, అంత పెద్ద గని ఎలక్ట్రీషియన్ అయి ఉండి జీపు పంపు పెట్టలేకపోయాడన్న మాట మెల్లగా పాకింది. అది ఆయన చెవినా పడింది. అప్పటి నుంచి నిద్రలో వైర్లు లెక్కపెట్టేవాడు.

ఆ రోజుల్లోనే వాగవతలి గూడెంలో ఒక అమ్మాయికి నెలలు నిండాయి. చిన్నప్పటి నుంచి మా జీపులోనే మిరప కోతలకు వచ్చిన పిల్ల, వదినను "అమ్మా" అని పిలిచేది. వాగులో నీళ్లు లేకపోయినా ఇసుకలో అంబులెన్సు దిగబడేది. అందుకే, నొప్పులు రాగానే తనే వస్తానని మా అన్న ఆమెకు మాటిచ్చాడు. మేమిద్దరం బూర్గంపాడులో ఉన్న రోజే పొద్దున ఫోనొచ్చింది. "ఆ జీపును నమ్మి ఒక్కణ్ని పోనియ్య" అని మా ఆయన పానాల సంచి తీసుకుని ఎక్కాడు. వదినా నేనూ ఎక్కాం. పోయేటప్పుడు జీపు కిక్కురుమనలేదు. అమ్మాయినీ, ఆమె మొగుణ్నీ, అత్తనూ ఎక్కించుకుని, వాగు ఇసుక దాటి, రెండు పక్కలా టేకు చెట్లున్న బాటలో మలుపు తిరిగామో లేదో, ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

ఎండ నడినెత్తిన ఉంది. ఫోనులో సిగ్నల్ లేదు. వదిన అమ్మాయి చెయ్యి పట్టుకుంది, నేను కొంగుతో విసురుతున్నాను. మా ఆయన జీపు కిందికి దూరి, టెస్టు బల్బు ఒక వైరు జీపు ఇనుముకు తగిలించి, రెండోది పంపుకొచ్చే లావు వైరుకు ఆనించాడు. బల్బు భేషుగ్గా వెలిగింది. బయటికొచ్చి ఆ బల్బును సంచిలో పడేశాడు. "కరెంటు వస్తున్నది. పంపే కాలిపోయినట్టున్నది బావా" అన్నాడు. దాంతో ఆయన విద్య అయిపోయిందని మాకర్థమైంది. పంపు దొరకాలంటే భద్రాచలం పోవాలి, భద్రాచలం పోవాలంటే పంపు తిరగాలి. అన్న కళ్లు మూసుకున్నాడు. ఈసారి మా ఆయన వద్దనలేదు.

అమ్మాయి నొప్పి మధ్యలో ఊపిరి తీసుకుని, "మీరు పరేషాన్ గాకుండ్రి, నాకింక టైమున్నది" అని మాకే ధైర్యం చెప్పింది.

అన్న కళ్లు తెరిచి, "బావా, ఒక్క మాట. కోపానికి రావద్దు" అన్నాడు.

"ఏంది?"

"పంపు పక్కన నువ్వు గీకిన జాగ లేదూ... ఇనుము తెల్లగ కనబడితె తుప్పు వడతదని, బోల్టిప్పి రంగేసి మళ్ల బిగిచ్చిన."

ఫ్యాన్ స్విచ్చుకే వాంగ్మూలం తీసుకునే మనిషి ఇప్పుడేమంటాడోనని నేను కొంగు విసరడం మానేశాను. ఆయన అన్నవైపు తిరిగి, "ఎన్ని కోటింగులేసినవ్?" అని మాత్రం అడిగాడు.

"రెండు."

"మంచిగేసినవ్, కరెంటు తిరిగొచ్చే తొవ్వనే మూసినవ్" అని, అమ్మాయి మొగుడి చేతిలోని కొడవలి అడిగి తీసుకుని మళ్లీ కిందికి దూరాడు. అన్న కూడా పక్కనే పడుకుని బోల్టు విప్పాడు. బరబర గీకుతున్న చప్పుడు, ఇద్దరి నాలుగు కాళ్లు బయటికి, మధ్యమధ్యలో "కంట్ల వడ్డది బావా" అని ఒకరు, "మూసుకో బావా" అని ఇంకొకరు. కాసేపటికి లోపలి నుంచి మా ఆయన నాకు కేకేశాడు: "తాళం తిప్పు!" తిప్పాను. పంపు తిరిగింది. ఇంజను అందుకుంది. వదిన ఏడ్చేసింది.

"ఏమాయె బాబూ?" అని అమ్మాయి అత్త అడిగితే, "పంపు వేడెక్కిందమ్మా, అంతే" అన్నాడు మా ఆయన. ఎదుటివాడి తప్పును ఒలిచి ఎండలో పెడితే గానీ ఊరుకోని మనిషి, కనురెప్పల మీద నీలం పొట్టుతో కూర్చుని అబద్ధమాడాడు. అన్న గేరేశాడు. భద్రాచలం దవాఖానా చేరిన కొంతసేపటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

ఆ సంగతి అక్కడితో మరుగున పడిపోయేదే. తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి అన్న లేచి నిలబడి, బోల్టు, రంగు, రెండు కోటింగులు, కొడవలి అన్నీ ఏకరువు పెట్టాడు. గుడంతా నవ్వింది. మా ఆయన తల దించుకుని పాటల పుస్తకం తిప్పుతూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, "నేను దాచిపెట్టినదాన్ని నువ్వెందుకు చెప్పినవ్ బావా?" అని కోప్పడ్డాడు.

"నీకు పని రాదనుకుంటుండ్రు అందరు. నా పరువు కోసం నీ పేరు పోవాల్నా?" అన్నాడు అన్న. ఆ రోజు వదిన వండిన చేపల పులుసు గిన్నె ఒకరి ముందుకు ఒకరు జరుపుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు అన్నకు చూపు తగ్గింది, బండి నడపడు. జీపును పినపాక వైపు ఎవరో కొనుక్కున్నారు. వాగు మీద వంతెన పడింది. ఆనాడు పుట్టిన పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, సెలవులకొస్తే వదిన దగ్గర రెండు రోజులుండి పోతుంది. ఎప్పుడు ఇంత పొడుగైందో తెలియనే లేదు. ఆ టేకు చెట్ల మధ్య ఇద్దరు మనుషులు రంగు గీకుతున్నంతసేపు మాత్రం కాలం ఎంతకీ కదల్లేదు. ఆ తర్వాత గడిచిన ఏళ్లన్నీ కలిపినా నాకు ఆ కాసేపంత పొడుగ్గా అనిపించవు.