మా మామ ఎత్తుకుపోయిన నేను

ఆ రోజుల్లో ఆధార్ జిరాక్స్ అంటే మాకు చిత్తుకాగితం కంటే ఎక్కువ మర్యాదేమీ ఉండేది కాదు. సిమ్ కార్డుకు ఒకటి, గ్యాస్ బండకు ఒకటి, ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు తీసి టీవీ వెనక పడేసేవాళ్లం. మా అమ్మ వాటిలో పల్లీలు పొట్లం కట్టి పక్కింటికి పంపేది (నా మొహం నూనె మరకలతో వాడకట్టంతా తిరిగి వచ్చేది). నేను రెండో దండయాత్రలో డిగ్రీ గట్టెక్కి, ఆర్మూరులో ఒక పసుపు కమీషన్ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. సాయంత్రానికి చొక్కా, చెవులు, తుమ్మితే చేతిరుమాలు, అన్నీ పసుపే. మా చిన్న మామ మాతోనే ఉండేవాడు. అమ్మకు ఆఖరి తమ్ముడు, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఏ పనిలోనూ నెల నిలిచేవాడు కాదు. ముప్ఫై దాటకముందే జుట్టు కూడా అతని దగ్గర నిలవలేదు. అందుకని ఎప్పుడూ టోపీ పెట్టుకునేవాడు. స్నానానికి టోపీతో వెళ్లి టోపీతోనే బయటికి వచ్చేవాడు (మధ్యలో ఏం జరిగేదో ఆ భగవంతుడికే తెలియాలి).

ఆ ఏడు నాకు మాక్లూర్‌లో సంబంధం కుదిరింది. చూపుల రోజు పిల్ల నన్ను ఒక్కటే అడిగింది, “పసుపు వాసన రోజు వస్తదా?” అని. “ఐతారం రాదు” అన్నాను. ఫక్కున నవ్వింది. నా పని అక్కడితో సరి. ఇక నిశ్చయం చేసుకునే పూలుపండ్లకు మంచిరోజు చూడటమే మిగిలింది.

అలాంటి సమయంలో ముగ్గురు పెద్దమనుషులు రుమాలులో నాలుగు పసుపు కొమ్ములు మూటగట్టుకుని దుకాణానికి వచ్చారు. ముప్కాల్ నుంచి వచ్చామన్నారు. ధర అడిగారు, చెప్పాను. అప్పుడు ఒకాయన కొమ్ముల వైపు కాకుండా నా వైపు చూస్తూ “తాగుడు గిట్ల ఉన్నదా బిడ్డా?” అన్నాడు. తూకంలో తేడా వస్తుందని భయమేమో అనుకుని “లేదు కాకా” అన్నాను. “కోపమస్తదా?” “రాదు.” “జర గా మూల దాంక పోయి రా.” శాంపిల్ అక్కడ పెట్టమంటున్నాడనుకుని వెళ్లి పెట్టి వచ్చాను. ముగ్గురూ నా నడక చూసి, తలలాడించుకుని, కొమ్ములు కూడా మరిచి వెళ్లిపోయారు. మా వైపు పిల్లగాణ్ని చాటుగా చూడాలంటే ఆడపిల్లవాళ్లు ఇలాగే ఏదో పనున్నట్టు వస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. నన్ను చూడటానికే వచ్చారని మాత్రం తట్టలేదు.

ఆ వారంలోనే మాక్లూర్ నుంచి కాబోయే మామగారు ఫోన్ చేశాడు. “ముప్కాల్ల ఒకరు, మాక్లూర్ల ఒకరా? మా పిల్లను మర్సిపో” అని పెట్టేశాడు. వెనకాలే నా ఫోన్‌కు ఒక బయోడేటా పంపాడు. ముప్కాల్ పెద్దమనిషి ఎవరిదో పెళ్లిలో కలిసి, మా పిల్లకు కుదిరిన పిల్లగాడంటూ మురిసిపోతూ ఆయనకే చూపించాడట. పేరు నాది, ఉద్యోగం నాది, ఆధార్ నాది, పౌడరు దట్టించిన మొహం కూడా నాదే. కింద ఉన్న ఫోన్ నంబరు మాత్రం నాది కాదు. దానికి ఫోన్ చేశాను. లోపలి గదిలో మా మామ ఫోన్ మోగింది (ఆ సిమ్ కూడా నా జిరాక్స్ మీదే తీశాడని తర్వాత తెలిసింది).

“నా పేరు మీద పిల్లను సూస్కుంటున్నవా?” అని అడిగాను.

“నా పేరు మీద సూస్తె ఎవ్వలిస్తరు అల్లుడా? మాట కుదిరినంక మెల్లగ చెప్దామనుకున్న.”

“ఏమని చెప్తవ్? మొఖం మారిందనా?”

పోలీస్ స్టేషన్‌కు పోతానని చెప్పులేసుకున్నాను. అమ్మ తమ్ముడికి అడ్డంగా నిలబడింది. “ఫొటోనే గద తీస్కున్నడు, కిడ్నీ తీస్కున్నడా? పోతె పో. వాని సద్ది గూడ కట్టిస్త, ఆడనే తింటడు” అంది. మా ఇంట్లో ఉన్నది ఒక్క బండి. ముద్దాయి నా వెనకే ఎక్కి కూర్చున్నాడు. చౌరస్తా దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, “గీడ కంప్లైంటు తర్వాత ఇద్దువు గని. ముందుగాల మాక్లూర్ పోదాం. నీ పిల్ల పోవద్దు” అన్నాడు. కోపం నషాళానికి ఎక్కి ఉన్నా, ఆ మాట నిజమనిపించి బండి అటే తిప్పాను.

మాక్లూర్ పెద్దాయన తలకు రుమాలు చుట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. నా పేరు వాడుకున్నది ఇతనేనని మామను చూపించాను. “మీ ఇద్దర్ల గీ పేరుగలోడు ఎవ్వడు? ఆధార్ సూపియ్యున్రి” అన్నాడు. నేను తీశాను. అలవాటు కొద్దీ మామ కూడా జేబులోంచి నా జిరాక్సే తీశాడు. తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అప్పుడు మామ టోపీ తీశాడు. అన్నేళ్లలో మొదటిసారి ఆ తలను చూశాను. పాపమనిపించింది. “గీ నెత్తిని సూసి ఎవ్వలు పిల్లనిస్తలేరు కాకా. గందుకే మా అల్లుని మొఖం పెట్టుకున్న. వానికేం తెల్వది” అన్నాడు. పెద్దాయన తన రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. అక్కడా వెంట్రుక లేదు. “కూసోన్రి, చాయ్ తాగున్రి. ఇగ గా ముప్కాలోళ్లకు గూడ నిజం చెప్పి రాన్రి” అన్నాడు.

ముప్కాల్‌లో సంగతంతా విన్నాక ఆ పిల్ల మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి మామనే అడిగింది. “ఫోన్ల మాట్లాడింది నువ్వే గద?” మామ తలొంచుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. “ఇన్ని దినాలు నీ ముచ్చటే చెప్పిండు. మొదటి జీతంతోని అమ్మకు చీర కొన్నవట. హమాలీ తాతకు జరమొస్తె దవాఖానకు నువ్వే తీస్కపోయినవట. నిన్ను గిట్లనే అనుకున్న.” నాకు ఆ సంగతులే గుర్తు లేవు. మళ్లీ మామను అడిగింది, “నీ గురించి ఒక్కటి చెప్పకపోతివి. నీ పేరేంది?” మామ తన పేరు చెప్పడానికి తడబడ్డాడు. “గా పేరుతోని ఫోన్ చెయ్యి. అప్పుడు సూస్త” అని లోపలికి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు స్టేషన్ ముందు నుంచే వచ్చాం. నేను బండి ఆపలేదు. తుమ్ములు, చాలీచాలని జీతం, ఇదీ ఒక బతుకేనా అని రోజూ విసుక్కునేవాణ్ని నేను. ఎత్తుకుపోయేంత బాగుందని దాన్ని మామ పక్క గదిలోంచి చూస్తూ ఉన్నాడని ఆ సాయంత్రం తెలిసింది. తిట్టడానికి దాచుకున్న మాటలు దారిలోనే ఎటో పోయాయి.

ముప్కాల్ పిల్ల మా అత్త అయి ఏళ్లయింది. నా జుట్టు కూడా ఇప్పుడు మామ దారే పట్టింది. మొన్న అతని పాత ఫోన్‌లో ఆ బయోడేటా కనబడితే తీసి చూస్తున్నాను. మాక్లూర్ ఆవిడ నా భుజం మీదుగా తొంగిచూసి “గీ పిల్లగాడెవ్వడో మంచిగున్నడు” అని నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది. నిజమే, బాగానే ఉన్నాడు. అతని పేరు చెప్పుకుని ఓ నాలుగు రోజులు తిరిగి రావాలని నాకే ఆశ పుట్టింది.