ఒక కేసు, ఇద్దరు అల్లుళ్లు

పోయిన వారం మా చిన్న బామ్మర్ది జైల్లో మూడు రోజులు ఎక్కువ ఉన్నాడు. కారణం పోలీసులు కాదు, కోర్టు కాదు. నేను! టీ చల్లారేలోగా చెప్పేస్తాను, వినండి.

మదనపల్లెలో ఇరవై ఏళ్ల పైనుంచి కోర్టు వార్తలు రాస్తున్నాను. మా తోడల్లుడు మునిరత్నానికి కుప్పంలో విత్తనాల అంగడి. మంచి మనిషి. అదే నా బాధ. పుంగనూరు దగ్గర సదుంలో మా అత్తగారింట్లో ఇద్దరం భోజనానికి కూర్చుంటే, సంగటి ముద్ద ముందు అతని పళ్లెంలోనే పడుతుంది. కోడికాలు కూడా. ఎక్కడా రాసుకోలేదు గానీ, ప్రతిసారీ గుర్తుంది.

ఈమధ్య మా చిన్న బామ్మర్ది రెడ్డెప్ప టమోటా తోటలో పొరుగాయన మేకలు పడ్డాయి. రెడ్డెప్ప, వాళ్లన్న గంగులప్ప కలిసి ఆయనతో కలబడ్డారు. ఆయన చెయ్యి విరిగింది. అన్నదమ్ములిద్దరికీ రిమాండు. తోటలో కాయ ఎర్రబడిపోతోంది. కూలీలను పిలిచేది, మార్కెట్‌కు తోలేది అన్నీ రెడ్డెప్పే.

"సోమారం దాటితే కాయ నిలవదప్పా!" అని అత్త ఏడుపు.

మునిరత్నం ఫోన్ చేశాడు. "అన్నా, ఇద్దరి బెయిలూ ఒకే వకీలుతో, ఒకే జడ్జి దగ్గర ఒకేసారి వేసేద్దాం. కోర్టు సంగతులు నీకు తెలిసినంత నాకేం తెలుసు?"

ఎంత మర్యాద! ఒళ్లు మండింది. కలిసి వేస్తే పేరు అతనికి పోతుంది. "నువ్వు గంగులప్పది చూసుకో. రెడ్డెప్పది నాకొదిలెయ్" అన్నాను.

గురువారం అతను ఒక జడ్జి దగ్గర వేయించాడు. సోమవారం విచారణ. ఆ కబురు తెలిసి, నేను శుక్రవారం పక్క కోర్టులో వేయించాను. అక్కడా సోమవారమే. గంట ముందైనా సరే, నావాడే బయటికి రావాలి!

"ఇదే కేసులో ఇంకొకరి బెయిలు యాడన్నా ఉండాదాప్పా? పిటిషన్లో రాయాల" అని మా వకీలు అడిగాడు.

"నాకు తెలిసి లేదప్పా" అన్నాను. తడబడలేదు కూడా.

సోమవారం ప్రభుత్వ వకీలు లేచి, ఇదే క్రైమ్ నెంబరులో అన్న బెయిలు పక్క కోర్టులో ఉందని చెప్పాడు. జడ్జి కళ్లద్దాలు తీశారు. "ఒకే కేసు. ఒక చోట ఇచ్చి, ఇంకో చోట కాదంటే ఎట్లా? అన్నీ ఒకే జడ్జి వినాలి. ఫైలు అక్కడికి పంపండి."

మా వకీలు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

పక్క హాలుకు ముప్పై అడుగులు. ఫైలు చేరి, విచారణకు వచ్చేసరికి గురువారం అయింది. గంగులప్ప సోమవారం సాయంత్రమే ఇంటికి పోయాడు. ఆ జడ్జే, అన్నకు పెట్టిన షరతులే పెట్టి, రెండు నిమిషాల్లో తమ్ముడికీ బెయిలిచ్చారు. తోటలో సగం కాయ అప్పటికే మెత్తబడింది.

రెడ్డెప్పను ఇంటికి తెచ్చింది మునిరత్నం కారే. వెనక సీట్లో నేను.

"బావా, మా అన్నకేమో అంగడాయన, నాకేమో పేపరాయన! ఈసారి కొట్లాడితే నాకూ అంగడాయనే కావాల" అన్నాడు రెడ్డెప్ప.

ఇంట్లో భోజనాల దగ్గర అత్త మునిరత్నాన్ని అడిగింది. "ఒకే జడ్జి దగ్గరికే పోవాలని నీకెట్ల తెలిసె నాయనా?"

"పేపర్లో వచ్చినాది అత్తా. పనికొస్తాదని దాచిపెట్టుకున్నా." మునిరత్నం పర్సులోంచి ఒక కటింగు తీసి పైకి చదివాడు. తర్వాతి వాక్యం ఏమిటో ప్రతిసారీ నాకు ముందే తెలుస్తోంది. చదవడం అయ్యాక నా వైపు ఒక్కసారి చూసి, రాసినవాడి పేరున్న భాగం లోపలికి మడిచి, పర్సులో పెట్టుకున్నాడు.

అత్తకు చదువు రాదు. "ఎంత బాగా సెప్పినాడప్పా! ఆ రాసినాయన్ని ఒక్క మాట అడిగింటే, మా రెడ్డెప్ప సోమారమే వచ్చిండేవాడు గదా!" అంది.

సంగటి ముద్ద ముందు మునిరత్నం పళ్లెంలో పడింది. ఈసారి నాకు అభ్యంతరం లేదు.