తూర్పు మూల పచ్చమచ్చ

ఆదెమ్మకు యాభై రెండేళ్లు. అందులో నలభై ఏళ్లు పగటిపూట నీళ్లు తాగకుండానే గడిపింది. అదేమీ మొక్కు కాదు, ఉపవాస ప్రార్థన అంతకన్నా కాదు. కూలికి పోయే ఆడవాళ్లందరూ చిన్నప్పుడే నేర్చుకునే పనితనం. పొద్దున ఇంట్లో అర గ్లాసు, మళ్లీ సాయంత్రం గడప తొక్కాక చెంబుడు. నడుమ దాహమేస్తే కొంగుతో మూతి తుడుచుకోవడమే. ఎందుకలా అని అడిగిన మగవాడు లేడు, అడగకుండా చెప్పిన ఆడది లేదు.

ఆమె పుట్టింది ఉయ్యాలవాడ దగ్గర. ఆళ్లగడ్డకు ఆటోలో పావుగంట దూరమున్న ఊరికి కోడలిగా వచ్చింది. భర్త ఇమ్మానుయేలు పోయాక పదకొండు మంది ఆడవాళ్లను కూడగట్టి, తానే మేస్త్రి అయింది. కలుపు గానీ, నాట్లు గానీ, శనగ కోత గానీ, ఆ చుట్టుపక్కల రైతు ముందు ఫోన్ చేసేది ఆమెకే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు ఆపేసేవారు, అక్కరలేదని. అంత గొంతున్న మనిషికి ఒక్కచోట నోరు పెగల్లేదు.

రెండేళ్ల కిందట నడుము పక్కన నొప్పి లేచి నంద్యాల ఆసుపత్రికి పోయింది. డాక్టరు స్కానింగు కాగితం చూసి, కిడ్నీలో రాయి ఉందని చెప్పి, నీళ్లెందుకు తాగవమ్మా అని అడిగాడు. చూస్తే కొడుకు వయసు. పక్కన ఇంకో ఇద్దరు మగవాళ్లు. ఆదెమ్మ గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదువుతూ, "నాకు దప్పిక కాదు సార్," అంది.

ఏప్రిల్ ఎండలో మిరప కోసే మనిషికి దప్పిక కాదట. డాక్టరు మందులు రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి మరీ ఆమెను చూశాడు. బస్సులో తిరిగొస్తుంటే ఆదెమ్మను రాయికంటే ఆ అబద్ధమే ఎక్కువ పొడిచింది.

మర్నాటి నుంచి గుంపులో కొత్త చట్టం. తలా ఒక రెండు లీటర్ల సీసా తేవాలి, అన్నం వేళకు ఖాళీ కావాలి. ఆదెమ్మ ఒక్కొక్క సీసా ఎత్తి చూసేది, పంతులమ్మ పలకలు చూసినట్టు. అందరికంటే పెద్దది మణెమ్మ, తన సీసాను గుట్టుగా మొక్కల మొదట్లో వంచేస్తూ రెండుసార్లు పట్టుబడింది. మూడోసారి ఆదెమ్మ ఎదురుగా కూచోబెట్టి తాగించింది.

తాగిన నీళ్లు ఎక్కడికో పోవాలి కదా. ఇన్నాళ్లూ కాలువ గట్టు మీది కంపచెట్లే ఆడవాళ్లకు దిక్కు. ఈ ఏడు శేషయ్య తన పన్నెండెకరాల్లో నంద్యాల విత్తనాల కంపెనీ కోసం మొక్కజొన్న వేశాడు. కంపెనీవాళ్లు వచ్చి, డ్రోన్ దిగడానికి చోటు కావాలని, జేసీబీతో గట్టు మీది కంపంతా ఒక్క పూటలో పీకించారు. గట్టు అరచేయిలా నున్నగా తయారైంది. పైరు నడుమెత్తు అయ్యేదాకా ఆడవాళ్లు కిలోమీటరు నడిచి పోయొచ్చారు. తర్వాత చేలోనే తూర్పు మూల చూసుకున్నారు. విత్తనపు మొక్కజొన్నలో నాలుగు వరుసలు ఆడవైతే ఒకటి మగది. ఆ మూల మగ వరుసలు బాగా గుబురుగా ఉన్నాయి. మగవాళ్ల వల్ల మనకు ఒక అక్కర తీరింది ఇన్నాళ్లకు, అని మణెమ్మ అంటే గుంపు గుంపంతా పడీ పడీ నవ్వింది.

కంపెనీ తరఫున వచ్చేవాడు రాజశేఖర్. వ్యవసాయ డిగ్రీ చదివాడు, మెత్తని మనిషి. వారానికోసారి డ్రోన్ ఎగరేసేవాడు. అది తీసిన ఫొటోలను ఏఐ చూసి, ఏ మూల నీరు తక్కువ, ఏ మూల పురుగు, ఎక్కడ ఎరువు చాలలేదు అన్నీ చెబుతుందట. ఆడవాళ్లు ఆ డ్రోన్‌కు రొదచేసే పురుగు పేరే, జీరంగి అని పెట్టారు. జీరంగి రొద వినపడగానే తూర్పు మూల ఉన్నవాళ్లు గబుక్కున లేచి, ఏమీ ఎరగనట్టు మొక్కలు సర్దడం మొదలుపెట్టేవారు.

ఆదెమ్మ గుంపు పైరుకు రెండోసారి యూరియా చల్లి పక్షం దాటింది. ఆడ వరుసల తలల్లో పూత తొంగిచూస్తోంది. ఒక పొద్దున రాజశేఖర్ ట్యాబు పట్టుకుని, శేషయ్యను వెంటబెట్టుకుని గట్టు మీదికొచ్చి, ఆదెమ్మను పిలిచాడు. తెర మీద చేను బొమ్మ. అంతా లేత రంగు, తూర్పు మూల మాత్రం పరుపంత మేర ముదురు పచ్చ. అక్కడ నత్రజని విపరీతంగా ఉందని, అంటే యూరియా సమంగా చల్లకుండా ఒకచోట కుమ్మరించారని ఏఐ తేల్చింది. దాన్నిబట్టి గుంపుకు మార్కులు కూడా వేసింది. నూటికి ముప్పై ఎనిమిది. నలభై రాకపోతే కంపెనీ జాబితాలోంచి పేరు తీసేస్తుంది. ఈ చేనే కాదు, ఆళ్లగడ్డ చుట్టూ కంపెనీ చేలు దేనికీ ఇక పిలవరు.

"ఇది నేను చెప్తాండేది కాదక్కా," అన్నాడు రాజశేఖర్ నొచ్చుకుంటూ. "ఏఐ చెప్తాండాది."

శేషయ్య నొచ్చుకోలేదు. గంప బరువు తగ్గించుకోవడానికి ఒక మూల బోర్లించి, తొందరగా ఇంటికి పోయారని, ఇన్నేళ్ల నమ్మకాన్ని మట్టిలో కలిపారని ఊరంతా వినపడేలా అన్నాడు. వెనక నిలబడ్డ పదకొండు మందీ ఆ పచ్చమచ్చ ఏమిటో చూసీ చూడగానే గుర్తుపట్టారు. గుర్తుపట్టి, అందరూ కలిసి తమ కాలివేళ్లను చూసుకున్నారు. మణెమ్మ ఆదెమ్మ మోచెయ్యి గిల్లి, సంచి చిరిగి ఒలికిందని చెప్పు, తప్పు ఒప్పుకో, పరువుతో బయటపడదాం అని చెవిలో చెప్పింది.

ఆదెమ్మ నోరు తెరిచింది. సంచి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆమె చూపు దానంతటదే పక్కకు పోయింది, క్యాలెండరు కోసం. అక్కడ గోడ లేదు. జేసీబీ నున్నగా గీకిన గట్టు ఉంది.

"యూరియా కాదప్పా అది," అంది. "ఉచ్చ."

రాజశేఖర్ చెవులు ఎర్రబడ్డాయి. శేషయ్యకు ఉన్నట్టుండి కాలువలో నీళ్ల మట్టం చూడాల్సిన అవసరం పడింది.

"మా పన్నెండు మందిదీ. నెల రోజులది. కంప పీకిచ్చింది మీరే గదా. యాడికి పోవల్ల మేము?"

ఇట్లాంటివి ఆడవాళ్లు మాట్లాడేదేనా అన్నాడు శేషయ్య, కాలువవైపు నుంచి తల తిప్పకుండానే.

"నలభై ఏండ్లు మాట్లాడల్యా అన్నా. రాయి వొచ్చింది."

రాజశేఖర్ చదువుకున్నవాడు. నత్రజని దేనిదేనిలో ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. యంత్రం చూసింది తప్పు కాదు, ఎందుకో దానికి తెలియదు, అంతే. మార్కులు మార్చాలంటే యాప్‌లో కారణం ఎంచాలి. పురుగు, తెగులు, నీరు, ఎరువు, నేల. అతను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికి, నేల తేడా అని పెడతానక్కా, మార్కులు ఎట్లాగూ పెరుగుతాయి అని బతిమాలాడు.

"నేలను ఎందుకప్పా ఆడిపోసుకుంటావ్? ఉన్నది రాయి."

ఇతరములు అని ఉన్నచోట అతను ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. ఆడకూలీల మూత్ర విసర్జన, పొలంలో మరుగుదొడ్డి లేనందువల్ల. ఆదెమ్మ పైకి చదివించుకుంది. చదివాక అతను బొత్తాం నొక్కితే యాప్ ఒప్పుకోలేదు. కారణానికి ఆధారంగా ఒక ఫొటో జతచేయమంది.

అతను అది కూడా పైకే చదివాడు, పాపం, చదివే ఊపులో. ముందు మణెమ్మకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. తర్వాత గుంపంతా గట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వనిది ఆదెమ్మ ఒక్కతే.

"ఫొటోలు నీ జీరంగి ఎప్పుడో తీసుంటాది," అంది. "మా తలకాయల మీద తిరగల్యా? ఆ బొమ్మలు యాడ ఉండాయో, ఎవురు చూస్తాండారో మాకేమన్నా తెలుసా?"

నవ్వు ఆగిపోయింది. రాజశేఖర్ తల దించుకున్నాడు. ఫొటోలు అంత ఎత్తు నుంచి తీసినవని, మనుషులు చుక్కల్లా తప్ప కనపడరని నెమ్మదిగా చెప్పాడు. చెబుతున్నప్పుడే అతనికి కూడా అది జవాబులా అనిపించలేదు.

ఆదెమ్మ గట్టు మీద కూచుంది. ఆమె వెనకే పదకొండు మంది. ఒక చాటు కట్టేదాకా, ఆ జీరంగి తమకు చెప్పి ఎగిరేదాకా, ఒక్క పూత కూడా పీకేది లేదంది. నాలుగు నెలల పంటకు మరుగుదొడ్లు కట్టేవాడు ఈ జిల్లాలోనే లేడని, కోయిలకుంట్ల నుంచి వేరే గుంపును పిలుస్తానని శేషయ్య బెదిరించాడు.

"పిలుచుకో అన్నా. వాళ్లు ఒంటికి పోరేమో అడిగి పిలుచుకో."

తొందర ఎవరిదో అందరికీ తెలుసు. ఆడ వరుసల పూత విచ్చుకోకముందే పీకేయాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే వాటి పుప్పొడి వాటి కంకుల మీదే రాలి, పన్నెండెకరాలు విత్తనానికి పనికిరాకుండా పోతాయి. ఆదెమ్మ తన సీసా మూత తీసి, శేషయ్య చూస్తుండగా, తీరిగ్గా తాగడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ మూతలు తీశారు. మణెమ్మ సైతం చెప్పించుకోకుండానే తాగింది.

రాజశేఖర్ నంద్యాల ఆఫీసుకు ఫోన్ చేశాడు. విషయం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి పక్కకు నడవబోయాడు.

"ఈడనే చెప్పప్పా. గట్టిగా చెప్పు, వాళ్లకు ఇనపడల్ల," అంది ఆదెమ్మ చర్చి గొంతుతో. ఆ మాట ఫోన్లో అవతలివాళ్లకు నేరుగానే వినపడి ఉంటుంది.

మధ్యాహ్నం మూడు గంటలకు ట్రాక్టరు వచ్చింది. నాలుగు రేకులు, ఒక బేసిను, ఒక నీళ్ల డ్రమ్ము. శేషయ్య గొణుగుతూనే గుంట తవ్వించాడు. తలుపుకు గొళ్లెం లోపలివైపు పెట్టించింది ఆదెమ్మ. అది బిగించాకే గుంపు చేలో దిగింది. పొద్దు వాలేదాకా పూత పీకారు, మర్నాడు తెల్లవారకముందే మళ్లీ దిగారు. ఒక్కటి మిగల్లేదు. ఆధారంగా రాజశేఖర్ ఆ రేకుల గది ఫొటోనే జతచేస్తే యాప్ ఒప్పుకుంది, మార్కులు నలభై దాటాయి.

తూర్పు మూల పచ్చమచ్చ పంట కోసేదాకా పోలేదు. అక్కడి కంకులు మిగతావాటికంటే బెత్తెడు పొడుగ్గా, బలంగా వచ్చాయి. శేషయ్య ఒకటి విరిచి, గింజలు చూసి మురిసి, ఎక్కడ విరిచాడో గుర్తొచ్చి మెల్లగా కింద పెట్టాడు.

ఇప్పుడు రాజశేఖర్ డ్రోన్ తీసుకుని ఏ చేనికి పోయినా ముందు ఫోన్ తీస్తాడు. పూత తీత అయిపోయిన వారమే ఆ అలవాటు మొదలైంది. "ఆదెమ్మక్కా, లేపొచ్చా?" అన్నాడు గట్టు అవతలి నుంచి. ఆదెమ్మ ఫోన్ చెవిన పెట్టుకుని చేలోని తలలు లెక్కపెట్టింది. పది మందే ఉన్నారు. రేకుల గది తలుపు వేసి ఉంది. లోపల మణెమ్మ. రెండు లీటర్లు పూర్తిగా తాగింది కదా, కొంచెం సేపు పడుతుంది.

"ఆగప్పా," అంది ఆదెమ్మ.

అతను ఆగాడు.