సారు మార్చమన్న మదర్‌బోర్డు

మా సారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున ధర్మవరంలో నా పనిగదికి వచ్చింది. ఫోన్లో పెనుకొండ నుంచి వాళ్లావిడ. "మీ సారు లేరమ్మా. మొగం కడుక్కుంటా ఆడే పడిపోయినారు" అంది.

తొంభైల చివర హిందూపురంలో ఆయన నడిపిన కంప్యూటర్ క్లాసులో నేను చదివాను. తర్వాత ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీసే పని పెట్టుకుంటే, మిషన్ ఆయనే బిగించి ఇచ్చారు. కేబినెట్ విప్పే ముందు కిటికీ ఊచను ఒకసారి ముట్టుకునేవారు, ఒంట్లో కరెంటు ఏమైనా ఉంటే పోతుందని. కొత్త ప్రాసెసర్ వచ్చిందట అని ఎవరైనా ఊరిస్తే నవ్వేవారు. "పక్కనోళ్లు మార్చినారని మార్చొద్దమ్మా. నీ పని ఆగిపోతాందా, అది చూడు." ఏళ్ల తరబడి ఆ మాటే విన్నాను.

అలాంటి మనిషి పోయిన వేసవిలో తనే మార్చమన్నారు. మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతోందని పిలిస్తే, అప్పటికి క్లాసు నడుపుతున్న పెనుకొండ నుంచి వచ్చారు. టార్చి వేసి, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడిన చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు చూపించారు. నాలుగింటి నెత్తులు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని నుంచి గోధుమరంగు జిగురు కారుతోంది.

"ఇది పోతాదమ్మా. ఎప్పుడనేది నేను చెప్పలేను."

"బోర్డు ఒక్కటీ మారిస్తే చాలదా సార్?"

"ఈ ప్రాసెసర్ కూర్చునే బోర్డులు ఇప్పుడు యాడ దొరుకుతాయి? రెండూ కలిపే మార్చాల."

"పెండ్లిళ్ల సీజను కానీండి సార్. చేతిలో పదకొండు చీరలుండాయి."

ఆయన వాదించలేదు. నా డిజైన్లన్నీ సీడీల్లోకి ఎక్కిస్తూ కూర్చున్నారు. ఫ్యాను కిందే ఉన్నా చొక్కా తడిసిపోయింది. మాటిమాటికీ ఎడమ భుజం నొక్కుకుంటున్నారు. డాక్టరుకు చూపించుకోమన్నాను. "ఈ బ్యాచి పరీక్షలు కానీ, పోతాలే" అన్నారు. నేను అన్న మాటే ఆయనా అన్నారని అప్పుడు నాకు తట్టలేదు.

మూడు వారాలకు కేబినెట్‌లో టప్‌మని చప్పుడైంది. కాలిన వాసన, నల్లటి తెర. సారు వచ్చి కొత్త బోర్డూ ప్రాసెసరూ బిగించారు. సీడీలు ఉన్నాయి కాబట్టి ఒక్క అంచు కూడా పోలేదు. ఇప్పుడు ఇది టైప్ చేస్తున్నదీ ఆ మిషన్ మీదే.

ఆ రోజు మా మేడమెట్లు ఎక్కుతూ ఆయన రెండుసార్లు ఆగారు. "బెంగళూరు పోయి చూపించుకుందాం పాండి సార్" అన్నాను. "పోదాం గానీ, ముందు నీ డిజైన్ తెరువు, సరిగ్గా వస్తాందా చూద్దాం" అన్నారు. తెరిచాను. నెమళ్ల అంచు చిటికెలో తెర మీదికి వచ్చింది. ఆ సంతోషంలో మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదన్నదే ఇప్పుడు నన్ను తొలుస్తోంది.

నేను పెనుకొండ చేరేసరికి ఆయన్ను వసారాలో పడుకోబెట్టారు. లోపలి గదిలో బల్ల మీద ఎవరిదో కంప్యూటర్ విప్పి ఉంది. దానికి ఆయన చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది. "ఎవరూ ఆన్ చేయొద్దు. నేను వచ్చి చూస్తా." ఇంటినిండా జనం. ఆ బల్ల చుట్టూ మాత్రం ఖాళీగా ఉంది.