ఎత్తని చెయ్యి

ఆయన మా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు మేస్త్రి. నలభై దాటినా, ఏటా వర్క్‌షాపు విభాగాల మధ్య వారం రోజులు జరిగే బాస్కెట్‌బాల్ పోటీల్లో మాతో ఆడేవాడు. ఆ రోజుల్లో ఫౌల్ చేసినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవాలి. ఈల పూర్తికాకముందే ఆయన చెయ్యి లేచేది. "నాదే దాదా, రాసుకో" అని బెంగాలీ రెఫరీతో నవ్వుతూ అనేవాడు. ఐదోది రాస్తే ఆటలోంచి బయటికే.

ఆ ఏడాది సోమవారం నుంచి గెలుస్తూ ఫైనల్‌కి వచ్చాం. వచ్చే నెల ఆయనకు వాల్తేరు బదిలీ, ఇక్కడ ఇదే ఆఖరి ఆట. నిమ్‌పురా క్వార్టర్స్ నుంచి ఆయన భార్య మొదటిసారి చూడ్డానికి వచ్చింది.

చివరి నిమిషాల్లో బంతి కోసం ఆయనా నేనూ కలిసి ఎగిరినప్పుడు అవతలివాణ్ణి మోచేత్తో పొడిచింది నేను. అప్పటికే మా ఇద్దరికీ నాలుగేసి ఫౌళ్ళు. ఎవరో తేల్చుకోలేక రెఫరీ, "ఫౌల్ కిస్‌కా?" అన్నాడు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. ఆయన నన్నొక క్షణం చూసి చెయ్యెత్తాడు.

"నాదే దాదా, రాసుకో."

ఈసారి నవ్వలేదు.

గెలిచాం. కప్పు నా చేతికిచ్చారు. ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఏటి బావూ, కప్పెత్తడానికి సెయ్యి బాగానే లెగుస్తంది."

ఇంతలో భార్య వచ్చింది. "ఆట మద్దిలో ఒగ్గేసి వచ్చేసినారేటి?"

"తప్పు సేసినాను మరి" అన్నాడాయన.

కప్పు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. దాన్ని కింద పెట్టి, మళ్ళీ వంగి బూటు లేసు కట్టుకున్నాను.